ఎనిమిది రాడ్ల పద్మం

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నేను చదివిన మొదటి పుస్తకం ఇంజన్ రిపేరు పుస్తకం. కథల పుస్తకం కాదు, పూజల పుస్తకం కాదు. అట్ట ఊడిపోయి, నూనె మరకలు పడి, విడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంచిన ఇంగ్లీషు పుస్తకం. జులైలో మొదలుపెడితే నవంబరుకి పూర్తయింది. అర్థమైంది సగమే. ఆ సగంతోనే మా ఆయనా నేనూ కలిసి ఒక ఇంజన్ కట్టాం.

నాకు అక్షరాలు యాభై నాలుగో ఏట వచ్చాయి. ఇక్కడ అమెరికాలో, మేముండే కమ్మింగ్‌లో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న గుడిలో ఆదివారాలు పిల్లలకి తెలుగు నేర్పుతారు. నేను ప్రసాదాల వంటకి సాయం వెళ్ళేదాన్ని. ఒక ఆదివారం పులిహోర తొందరగా అయిపోయింది. చేతులు కడుక్కుని వెళ్ళి ఆ క్లాసులో వెనక వరసలో కూర్చున్నాను. పక్కనున్న ఆరేళ్ళ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "ఆంటీ, నువ్వు హోంవర్క్ చేశావా?" అంది. లేదన్నాను. "ఇట్స్ ఓకే. టీచర్ తిట్టదు. నేను కూడా చేయలే," అని నాకో పెన్సిల్ ఇచ్చింది. అలా మొదలైంది. తెలుగు కుదురుకున్నాక లైబ్రరీలో పెద్దవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు క్లాసుకి కూడా వెళ్ళాను.

అంతకు ముందు నా లెక్కలన్నీ దారాలతోనే. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్ వేస్తాను. ఒక్కో మనిషికి ఒక్కో రంగు దారం. ఛాతీ కొలత దగ్గర ఒక ముడి, నడుము దగ్గర రెండు, చేతి పొడవు దగ్గర మూడు. అవన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఎవరైనా ఫోన్ చేసి పేరు చెబితే నాకు మనిషి కంటే ముందు దారం కనపడేది. రాయడం రానప్పుడు ఏదో ఒక దారి చూసుకోవాలి కదా.

మా ఆయన మెకానిక్. బెజవాడ ఆటోనగర్‌లో పదిహేనేళ్ళు లారీ ఇంజన్లు దించారు. మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే ఇక్కడికొచ్చి ఒకే గ్యారేజీలో పాతికేళ్ళు పనిచేశారు. చుట్టుపక్కల మనవాళ్ళంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటే ఈయన కార్ల కింద పడుకునేవారు. ఫంక్షన్లలో ఎవరైనా "మీరు ఏ కంపెనీ అండీ?" అని అడిగితే, "ఏ కంపెనీదైనా చేస్తానండీ," అనేవారు. అడిగినవాళ్ళు పావుగంట తర్వాత తమ కారులో వచ్చే చప్పుడు గురించి చెబుతూ ఈయన చుట్టూ చేరేవాళ్ళు.

గ్యారేజీ ఓనరు ముసలివాడై షాపు మూసేస్తూ, వెనక షెడ్డులో ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోతున్న ఒక కారుని ఈయన చేతిలో పెట్టాడు. మజిల్ కార్ అంటారు ఇక్కడ. మా పెళ్ళికి చాలా ముందే తయారైన బండి. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కు కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్. కనకాంబరం రంగు, మీద రెండు నల్ల చారలు. స్టార్ట్ చేస్తే వంటింట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఎదురింటి గుజరాతీ ఆయన రోజూ చెత్త డబ్బా బయట పెట్టే వంకతో వచ్చి చూసి వెళ్ళేవాడు.

మే నెలలో ఒక శనివారం కొండల వైపు వెళ్దామని బయల్దేరాం. ఆ ఉదయమే ఆయన ఇంజన్‌లో పాత ఆయిల్ తీసేసి కొత్తది పోశారు. మధ్యలో ప్లెయిన్స్‌బరో నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ చేస్తే అరగంట. మాట్లాడి వచ్చి ఆయిల్ పోసేశారు. నేను దద్దోజనం, ఊరమిరపకాయలు డబ్బాలో సర్దాను. ఫోర్ హండ్రెడ్ అనే హైవే ఎక్కి ఉత్తరంగా వెళ్తున్నాం. కాసేపటికి టక్ టక్‌మని చిన్న చప్పుడు.

"ఏవండీ, ఏదో కొట్టుకుంటోంది."

"నీ గాజులే."

చేతులు చీర కొంగులో చుట్టుకుని చూపించాను. చప్పుడు ఆగలేదు. ఆయన మొహం మారింది. స్టీరింగ్ ముందున్న ఆయిల్ మీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. పక్కకి తీసేలోపే ఇనప బకెట్లో రాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడొచ్చి, వెనకంతా నీలం పొగ కమ్మేసి, ఇంజన్ బిగుసుకుపోయింది.

ఆయన రోడ్డు పక్క గడ్డిలో పడుకుని కారు కిందకి దూరారు. ఆయిల్ ఛాంబర్ అడుగున ఉండాల్సిన బోల్టు లేదు. చేత్తో రెండు చుట్లు తిప్పి వదిలేశారు, పానా పెట్టి బిగించలేదు. దారంతా ఒక్కో చుక్కా కారి, చివరికి బోల్టు కూడా రాలిపోయింది. నలభై ఏళ్ళుగా ఎవరి బండికీ జరగనిది, తన బండికే జరిగింది. బండిని ఎక్కించుకెళ్ళే లారీ వచ్చేదాకా నేను దద్దోజనం తిన్నాను. ఆయన ముట్టలేదు.

ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో వేరే మనిషి ఉన్నట్టే. పొయ్యి కట్టేశానా, తలుపు వేశానా, మందు వేసుకున్నానా అని నన్ను అడగడం మొదలుపెట్టారు. మా అమ్మాయి దగ్గర్లోనే ఉంటుంది. అది వచ్చి, "నాన్నా, వన్స్ మర్చిపోతే అది జబ్బు కాదు. కావాలంటే డాక్టర్‌ని అడుగుదాం," అని తీసుకెళ్ళింది. డాక్టరు ఏవేవో బొమ్మలు గీయించి, లెక్కలు చెప్పించి, అంతా బాగుందన్నాడు. కారులో వస్తూ ఈయన, "డాక్టరుకేం తెలుసు? ఆయనెప్పుడైనా ఛాంబర్ బోల్టు మర్చిపోయాడా?" అన్నారు.

జులైలో టూల్ బాక్స్ అమ్మేస్తానన్నారు. ఎర్ర బాక్సు, నా ఎత్తు ఉంటుంది, పది సొరుగులు. అందులో ఆటోనగర్ నుంచి తెచ్చుకున్న పానాలు కూడా ఉన్నాయి. కొనడానికి వచ్చినావిడ ఆయనతో గ్యారేజీలో పదేళ్ళు పనిచేసిన అమెరికన్ మెకానిక్కే. నలభై దాటి ఉంటాయి, భుజం దాకా పచ్చబొట్లు, ఈయన్ని బాస్ అంటుంది. ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను. సొరుగులు తీసి చూస్తూ చూస్తూ, మూలనున్న కారు మీద దుప్పటి ఎత్తింది.

"ఇదేంటి బాస్? ఇంజన్ పోగొట్టి ఇలా దుప్పటి కప్పావా? శవానికి కప్పినట్టు?"

"నా వల్ల కాదు. తల పనిచేయట్లేదు."

"తల ఎప్పుడు పనిచేసింది నీకు? చేతులేగా పనిచేసేవి." బాక్సు మూత ధడాల్న మూసింది. "నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత శనివారం వస్తా. ఈ బండి స్టార్ట్ అయితే మీ ఆవిడ పెట్టింది తిని వెళ్ళిపోతా. కాకపోతే బాక్స్ ఎక్కించుకుపోతా. సరేనా?"

ఆయన కాసేపు కారు వంక చూసి సరే అన్నారు. ఆవిడ వెళ్ళాక నాతో, "అవకపోతే మాత్రం ఇచ్చేస్తానే. మళ్ళీ పానా పట్టను. నువ్వు బతిమాలకూడదు," అన్నారు. పానా పట్టని మా ఆయన ఎలా ఉంటారో ఆ రెండు నెలలూ చూశాను.

మర్నాడే పని మొదలైంది. ఆయనకి ఆ రిపేరు పుస్తకం అవసరం ఎన్నడూ లేదు. ఇప్పుడు మాత్రం తన జ్ఞాపకం మీద నమ్మకం లేదు. చేతులకి నూనె, కళ్ళద్దాలకీ నూనె. "నువ్వు చదువు, నేను చేస్తా," అన్నారు. నేను స్టూలు వేసుకుని కూర్చుని వేలు పెట్టి చదివేదాన్ని. పొడుగు మాట వస్తే ముక్కలు ముక్కలుగా. "ఆ మాట పూర్తయ్యేలోపు బోల్టు తుప్పు పడుతుందే," అని వెక్కిరించేవారు. "అంత తొందరైతే మీరే చదువుకోండి," అని పుస్తకం మూసేదాన్ని. మళ్ళీ తెరిచేదాన్ని. అయిన పని పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టేదాన్ని. "బిగించానా?" అని అడిగితే టిక్కు చూపించేదాన్ని.

మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చి సాయం పట్టింది, అద్దెకి తెచ్చిన గొలుసు క్రేన్‌తో ఇంజన్ దించాం. విప్పి చూస్తే ఆయన అనుకున్నంత ఘోరమేమీ కాదు. ఇంజన్ అడుగున తిరిగే ఇరుసుని క్రాంక్ అంటారు. పిస్టన్లని దానికి పట్టి ఉంచేవి కనెక్టింగ్ రాడ్లు, ఎనిమిది. ఒక్కో రాడ్డు చివర సగం గాజు ఆకారంలో ఉంటుంది. మిగతా సగాన్ని క్యాప్ అంటారు. రెండు సగాలనీ క్రాంక్ చుట్టూ కలిపి బోల్టులు బిగిస్తే పూర్తి గాజు అవుతుంది. ఆయిల్ లేక క్రాంక్ గీరుకుపోయింది, ఒక రాడ్డు కాలి నల్లబడింది. కాలినదాని బదులు వేరేది తెచ్చారు. క్రాంక్‌నీ, రాడ్లన్నిటినీ లేత్ షాపులో ఇచ్చి ఒకే కొలతకి సాపు చేయించారు. రాడ్లు ముందు వచ్చాయి. ఆయన ఒక్కో రాడ్డు మీదా, దాని క్యాప్ మీదా మార్కర్‌తో నంబర్లు వేసి, క్యాప్‌లు విప్పి, తెల్ల దుప్పటి మీద జతలుగా వరసలో పేర్చారు. "క్రాంక్ వచ్చాక బేరింగులు వేస్తా," అన్నారు.

అది ఆయుధ పూజ రోజు.

ఏటా ఆ రోజు ఆయన టూల్ బాక్సుకీ, నా కుట్టు మిషనుకీ, ఇంట్లో కార్లకీ పసుపు కుంకుమ పెడతాను. ఈసారి అమ్మవారి చూపు ఆ రాడ్ల మీద గట్టిగా పడాలనుకున్నాను. పూజలో పెట్టేవి కడగకుండా ఎలా పెడతాం? ఆయన క్రాంక్ తేవడానికి లేత్ షాపుకి వెళ్ళారు. నేను ఆ రాడ్లూ క్యాప్‌లూ అన్నీ బట్టలుతికే గదిలో సింకులో వేసి, వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, పీచు పెట్టి తోమాను. మూలల్లో నూనె వదిలేదాకా తోమాను. వెండి సామాను తోమినంత శ్రద్ధగా తోమాను. తుడిచి, ఆరబెట్టి, తుప్పు పట్టకుండా మళ్ళీ పల్చగా నూనె చేత్తో రాసి, దేవుడి గదిలో ముగ్గు వేసిన చోట పెట్టాను. ఎనిమిది రాడ్లు చూస్తే నాకు ఒకటే తోచింది. గుండ్రంగా రేకుల్లా అమర్చాను. మధ్యలో ఎనిమిది క్యాప్‌లూ వలయంగా. నడుమ దీపం. అష్టదళ పద్మం. ఒక్కో రేకుకీ బొట్టు. అంత అందమైన ముగ్గు నేను పిండితో ఎప్పుడూ వేయలేదు.

ఆయన వచ్చి చూసి చాలా రోజుల తర్వాత నవ్వారు. "అమ్మవారికి కూడా ఓవర్‌హాలింగ్ చేసేట్టున్నావే," అన్నారు. హారతి తీసుకున్నారు, బూరెలు తిన్నారు.

మర్నాడు పొద్దున నేను కాఫీ పెడుతుంటే గ్యారేజీలోంచి చప్పుడేమీ రాలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూ ఉంటుంది. తొంగి చూశాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో రాడ్డునీ వెలుతురు దగ్గరకి తీసుకెళ్ళి తిప్పి చూస్తున్నారు. పెట్టేసి ఇంకోటి తీస్తున్నారు. అప్పుడు నాకు వెలిగింది. పీచు కింద నల్లగా కరిగిపోయిందంతా నూనే అనుకున్నాను. అందులో నంబర్లు కూడా ఉన్నాయి.

"ఏమే," అన్నారు మెల్లగా. "నేను వీటికి నంబర్లు వేశానా?"

నిజం చెప్పాలి. నేను వెంటనే చెప్పలేదు. "కాఫీ పొంగుతోంది," అని లోపలికి వచ్చేశాను. పొంగేదేమీ లేదు, పొయ్యి ఎప్పుడో కట్టేశాను. సింకు దగ్గర నిలబడి, ఏదో ఒకటి సర్ది చెప్పొచ్చేమోనని ఆలోచించాను. ఆయనకి చెబితే తిడతారని కాదు. ఆ శనివారం పందెం పోయినట్టే అని భయం. అందుకు కారణం నా చేతులే.

కప్పుతో వెళ్ళేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకున్నారు.

"వేశాననే అనుకున్నాను. వేసినట్టు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. అంటే నా తల నాకే అబద్ధం చెబుతోందన్నమాట. ఇంక నవంబరు దాకా ఎందుకు, బాక్సు తీసుకుపొమ్మని ఆవిడని రేపే రమ్మంటా."

"ఫోన్ పెట్టేయండి," అన్నాను. "మీరు వేశారు. నేనే తోమేశాను."

"ఏంటి?"

"గిన్నెల సబ్బుతో. పీచు పెట్టి. పూజకి."

"నంబర్లు?"

"శుభ్రంగా పోయాయి."

ఆయన నా వంక అలాగే చూశారు. "నేను వేశాను," అన్నారు. "ఒకటి నుంచి ఎనిమిది దాకా. వేశాను కదా?"

"వేశారండీ. నల్ల మార్కర్‌తో. ఎనిమిది దగ్గర ఇంకు అయిపోతే వేరే మార్కర్ తెమ్మన్నారు, నేనే తెచ్చిచ్చాను."

లేచి గ్యారేజీలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచారు. నవ్వుతున్నారు. ఆగి మళ్ళీ నవ్వుతున్నారు. ఏదో పోయిన వస్తువు జేబులోనే దొరికిన మనిషిలా. తర్వాత ఒక్కసారిగా ఆయనలోని మెకానిక్ బయటికొచ్చాడు.

"బుద్ధుందా నీకు? లేత్ షాపు నుంచి వచ్చిన రాడ్లని ఎవరైనా పీచు పెట్టి తోముతారా? క్యాప్‌లన్నీ కుప్పలో వేసి? ముగ్గుట, ముగ్గు! అమ్మవారు వచ్చి బేరింగులు వేస్తుందా?"

ఐదు నెలల్లో ఆయన నన్ను తిట్టడం అదే మొదలు. కడుపు నిండినట్టయింది. "ఇంకో రెండు తిట్టి కాఫీ తాగండి," అన్నాను.

కాఫీ తాగుతూ అసలు చిక్కు చెప్పారు. రాడ్డునీ క్యాప్‌నీ కలిపి బిగించాకే గుండ్రంగా సాపు చేస్తారట. అందుకని దేని క్యాప్ దానికే పూర్తి గుండ్రం. వేరేది వేస్తే వెంట్రుకంత తేడాతో ఎక్కడో బిగుస్తుంది. నాలుగు రోజులు తిరిగి మళ్ళీ అదే గతి. ఏ రాడ్డు ఏ సిలిండర్‌లో వేసినా ఫరవాలేదు, కానీ జత తప్పకూడదు. సరైన జత బిగిస్తే పక్కనుండే అతుకు మీద గోరు పెట్టి లాగినా ఏమీ తగలదు. తప్పు జతైతే చిన్న మెట్టు తగులుతుంది.

"మరి లాగి చూడండి," అన్నాను.

ఆయన చేతులు చూపించారు. నలభై ఏళ్ళ కాయలు. గోళ్ళు మొద్దుబారి ఉన్నాయి. రెండేళ్ళ క్రితం మణికట్టుకి ఆపరేషన్ అయ్యాక వేళ్ళ చివర్లకి స్పర్శ సగమే. నా చేతులు నేను చూసుకున్నాను. పట్టు చీర అంచులో ఒక్క పోగు తప్పినా నా బొటనవేలికి తెలుస్తుంది. జాకెట్‌కి చేతులు కుట్టేటప్పుడు రెండు భుజాలూ ఒక్క తీరుగా వచ్చాయో లేదో కళ్ళతో చూడను, అతుకు మీద వేలు లాగి చూస్తాను.

"మీరు బిగించండి," అన్నాను. "అతుకుల సంగతి నాకు తెలుసు."

వేరేగా తెచ్చిన రాడ్డు రంగు కొంచెం లేత, దాని జత నిమిషంలో దొరికింది. మిగిలినవి ఏడు. ఆయన ఒక క్యాప్ పెట్టి బోల్టులు పట్టించి అందిస్తారు, నేను కళ్ళు మూసుకుని గోరు లాగుతాను. "ఉహూ." విప్పుతారు. ఇంకోటి. "ఉహూ." ఇంకోటి. "ఇది... ఇంకొకసారి... ఊ, ఇదే." ఇదే అన్నప్పుడల్లా రెండింటికీ ఒకే రంగు దారం కట్టాను, నా బిస్కెట్ల డబ్బాలోంచి తీసి. ఆయన మార్కర్ ఇచ్చినా తీసుకోలేదు.

"మళ్ళీ ఎవరైనా తోముతారని భయమా?" అన్నారు.

"నన్ను నేను నమ్మను," అన్నాను.

సాయంత్రానికి ఐదు జతలయ్యాయి. మిగిలినవి రెండు రాడ్లు, రెండు క్యాప్‌లు. అటు వేసినా మెట్టు, ఇటు వేసినా మెట్టు. అంటే అంతకు ముందు ఎక్కడో తప్పు జత కట్టేశాం. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఆ రోజుకి ఆపేసి, మర్నాడు కట్టినవన్నీ మళ్ళీ లాగి చూశాను. ఊదా రంగు దారం జత దగ్గర ఆగాను. తప్పేమీ కాదు, ఒప్పూ కాదు. ముందు రోజు మధ్యాహ్నం ఆకలేసి తొందరపడి ఇదే అనేశాను. దాన్ని విప్పి, మూడు రాడ్లూ మూడు క్యాప్‌లూ కలిపి మళ్ళీ మొదలుపెడితే మూడూ గూళ్ళలో కూర్చున్నట్టు కూర్చున్నాయి. చివరి జత మీద గోరు లాగితే అద్దం మీద లాగినట్టుంది. నేను కేక పెట్టాను. ఆయన పానా కింద పడేసుకున్నారు.

అయినా నమ్మకం చాలక, దారాలతో సహా లేత్ షాపుకి తీసుకెళ్ళాం. అక్కడాయన పెద్ద గడియారం లాంటి కొలత యంత్రం ఒక్కో రాడ్డులో పెట్టి తిప్పాడు. ఎనిమిదీ పూర్తి గుండ్రం. "ఈ దారాలేంటి?" అన్నాడు. "మా ఆవిడ," అన్నారు ఈయన, అదొక కొలత యంత్రం పేరైనట్టు. షాపాయన నా వైపు తిరిగి, "ఉద్యోగం కావాలా?" అన్నాడు. జాకెట్ల సీజను అయ్యాక చెబుతానన్నాను.

ఆ తర్వాత నెలా సాఫీగా సాగింది. పిస్టన్లు, రాడ్లు, క్రాంక్ ఒక్కోటీ లోపలికి వెళ్ళాయి. ఏ బోల్టు ఎంత బిగించాలో పుస్తకంలో అంకె నేను చదివితే ఆయన రెంచ్ తిప్పేవారు. బిగువు సరిపోగానే అది టిక్కుమనేది, నేనూ పెన్సిల్‌తో టిక్కు పెట్టేదాన్ని. దీపావళికి ఇంజన్ మళ్ళీ కారులో కూర్చుంది. ఆయిల్ పోసే రోజున ఆయన కారు కిందకి వెళ్ళి ఛాంబర్ బోల్టు బిగించారు. నేను పెన్సిల్ పట్టుకుని, బిగించానా అని అడుగుతారని ఎదురు చూశాను. ఆయన బయటికొచ్చి ఒళ్ళు దులుపుకుని, "ఆయిల్ డబ్బా ఇటియ్యి," అన్నారు. ఇచ్చాను.

థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం ఆ మెకానిక్ ఆవిడ చెప్పిన వేళ కంటే గంట ముందే వచ్చేసింది. తన పాత ట్రక్కు వెనక్కి పెట్టి, బాక్సు కట్టడానికి తాళ్ళు కూడా కిందకి దించింది. మా అమ్మాయి వచ్చింది. ఎదురింటి గుజరాతీ ఆయన ఈసారి చెత్త డబ్బా లేకుండానే వచ్చాడు.

ఆయన తాళం తిప్పారు. ఇంజన్ తిరిగింది, తిరిగింది, పట్టుకోలేదు. మళ్ళీ తిప్పారు. ఢామ్మని పైనుంచి మంట ఒక్కసారి ఎగిసి ఆరిపోయింది. మా అమ్మాయి రెండడుగులు వెనక్కేసింది. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది, తాళ్ళ వైపు మాత్రం చూడలేదు. నేను ఆయన మొహం వైపే చూస్తున్నాను. మే నెలలో గడ్డిలో పడుకుని లేచినప్పటి మొహం మళ్ళీ వస్తుందేమోనని.

ఆయన కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంజన్‌తో మాట్లాడుతున్నట్టు, "ఓరి నీ! తిరగేసి పెట్టాను కదూ నిన్ను!" అన్నారు.

"ఏమైందండీ?"

"ఏముంది, డిస్ట్రిబ్యూటర్ అర చుట్టు తప్పింది. ఎనిమిదింటికీ వరసగా నిప్పు పంచేది అదే. నేను తలకిందులుగా పెట్టాను." సిగ్గు లేదు, భయం లేదు. జాకెట్‌కి చెయ్యి తిరగేసి కుట్టినప్పుడు నేను చెప్పేంత తేలిగ్గా చెప్పారు. "బాస్, నేను తీయనా?" అని ఆవిడ ముందుకొస్తే, "నువ్వు దూరంగా ఉండు, నా బాక్సు ముట్టుకోకు," అన్నారు.

రెండు బోల్టులు వదులు చేసి ఆ డబ్బాని పైకి లాగి, అర చుట్టు తిప్పి, మళ్ళీ దింపి బిగించారు. పది నిమిషాలు పట్టలేదు. ఈసారి తాళం నా చేతిలో పెట్టారు. నాకు డ్రైవింగ్ రాదు. "తిప్పడానికి డ్రైవింగెందుకు, తిప్పు," అన్నారు. తిప్పాను.

ఒక్క తిప్పుకే అందుకుంది. సీటు కింద నుంచి ఆ చప్పుడు నా వెన్నులోకి ఎక్కింది. వంటింట్లో గిన్నెలు మోగాయో లేదో నాకు వినపడలేదు. మా అమ్మాయి చెవులు మూసుకుని గెంతుతోంది. గుజరాతీ ఆయన చప్పట్లు కొడుతున్నాడు. ఆయన మాత్రం కారు ముక్కు మీద వంగి, ఒక చెవి ఇంజన్‌కి ఆనించి, ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు నిలబడ్డారు. ఆయిల్ ముల్లు నేను చూస్తూనే ఉన్నాను. నిలువుగా నిలబడింది, కదల్లేదు.

ఆవిడ మాట ప్రకారం లోపలికొచ్చి తింది. పెసరట్టు, అల్లం పచ్చడి. మూడు తింది. అల్లం పచ్చడి సీసా అడిగి మరీ తీసుకుంది. తాళ్ళు చుట్టి ట్రక్కులో పడేసి, స్టార్ట్ చేసి రోడ్డు మీదకి తిప్పుతుంటే, ఇంట్లోకి వెళ్తున్న ఆయన గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"ఆగాగు!" అని రోడ్డు మీదకి పరిగెత్తారు. ట్రక్కు పక్క దబదబా కొట్టారు. "ఎప్పటి నుంచి ఈ చప్పుడు?"

"ఏ చప్పుడు? నాకేం వినపడట్లేదే."

"నీకెలా వినపడుతుంది, అంత పెద్ద పాటలు పెట్టుకుంటే? బోనెట్ తియ్యి."

"బాస్, నేను ఇంటికి పోవాలి."

"పోతావు. సోమవారం పోతావు. మా అమ్మాయి దింపుతుంది." నా వైపు తిరిగి, "ఏమే, ఆ పుస్తకంలో ట్రక్కుల సంగతి ఉందా?" అని అరిచారు.

లేదన్నాను. లైబ్రరీలో అడుగుతానన్నాను. వాళ్ళిద్దరూ అప్పటికే బోనెట్ కిందకి తలలు దూర్చి వాదించుకుంటున్నారు.